రెండు వైద్యాల వారధి ఆచంట లక్ష్మీపతి

బాల్కొండ: పసుపు తవ్వి, ఉడికించి, బస్తాలు మోసే బాల్కొండ ప్రాంత రైతులకు, బోధన్‌ వైపు చెరకు నరికే కూలీలకు భుజం పట్టేయడం కొత్త కాదు. నువ్వుల నూనె మర్దన, వావిలాకు కాపడం పల్లెలకు తెలిసిన ఉపశమనాలు. ఇటువంటి చికిత్సలను నాటువైద్యమని పాశ్చాత్య వైద్యులు తోసిపుచ్చిన కాలంలో, వాటికి మూలమైన ఆయుర్వేదానికి శాస్త్ర గౌరవం కోసం జీవితాన్ని వెచ్చించిన తెలుగువారిలో డాక్టర్‌ ఆచంట లక్ష్మీపతి అగ్రగణ్యులు.

గోదావరి సీమలో 1880లో జన్మించిన ఆయన మద్రాసు వైద్య కళాశాలలో పాశ్చాత్య వైద్యం అభ్యసించి పట్టా పొందారు. అనంతరం పండిత దీవి గోపాలాచార్యుల ప్రభావంతో ఆయుర్వేదం వైపు మళ్లారు. పట్టభద్రులైన వైద్యులు ఆయుర్వేద సంస్థలతో సంబంధం పెట్టుకోవడాన్ని మద్రాసు వైద్య మండలి తప్పుపట్టిన రోజులవి. అయినా ఆయన వెనుదీయలేదు.

సుబ్బారావుకు ఆశ్రయం

మద్రాసులో లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం కూడా బోధించేవారు. ఆ బోధకుల్లో ఒకరు యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే పేగుల వ్యాధి సోదరులిద్దరినీ కొన్ని రోజుల తేడాతో బలిగొనగా, అదే వ్యాధికి గురైన సుబ్బారావును లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో బతికించారు. తదనంతరం అమెరికా వెళ్లిన సుబ్బారావు బృందం 1945లో ఫోలిక్‌ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. అది స్ప్రూ రోగులకు ఔషధమైంది.

లక్ష్మీపతి సతీమణి రుక్మిణి 1930 నాటి ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. 1946లో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గంలో ఆరోగ్య మంత్రి అయ్యారు. ఆయుర్వేద శిక్ష పేరిట సంపుటాలు వెలువరించిన లక్ష్మీపతి 1962లో కన్నుమూశారు.

శాస్త్రం చెప్పే చికిత్స

ఆయన బోధించిన ఆయుర్వేదంలో భుజం పట్టుకుపోవడాన్ని అపబాహుకం అంటారు. ప్రకోపించిన వాతం భుజమూలంలోని సిరలను ముడుచుకునేలా చేయడమే ఇందుకు కారణమని శాస్త్ర భావన. ముక్కులో తైలం వేసే నస్యం, భోజనానంతరం స్నేహపానం ఇందుకు హితమని వాగ్భటుని అష్టాంగహృదయం విధించింది. తైల మర్దన, స్వేదనం, మినుములతో కాచే మాష తైలం వాడుక కూడా ఈ సంప్రదాయంలోనివే. నస్యం, స్నేహపానం వైద్యుని పర్యవేక్షణలోనే జరగాలి.

భుజం బిగుసుకుపోవడం మధుమేహ రోగుల్లో ఎక్కువని ఆధునిక వైద్యం గుర్తించింది. కాబట్టి మర్దనతో తగ్గని వారు రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోవడం అవసరం. ఎడమ భుజం నొప్పితో పాటు ఛాతీ బరువు, చెమటలు కనిపిస్తే అది గుండెపోటు కావచ్చు. అప్పుడు నూనె కోసం వెతక్కుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఉభయ వైద్యాలనూ అభ్యసించిన లక్ష్మీపతి జీవితం సూచించే మార్గం కూడా ఇదే.