భయానికి పేరు పెట్టిన డాక్టర్

మా జైనూర్‌లో ఈత అంటే వాగు, కుంట, వానాకాలంలో నిండిన బావి. సముద్రాన్ని టీవీలో చూడటమే. బీటెక్ ఆఖరి ఏడాదిలో ఒక ఇంటర్వ్యూ కోసం నలుగురం ఫ్రెండ్స్ విశాఖపట్నం వెళ్లాం. బస్సులో ఆసిఫాబాద్ వచ్చి, అక్కడ రైలెక్కి, విజయవాడ మీదుగా ఒక రాత్రి, ఒక పగలు ప్రయాణం. ఇంటర్వ్యూ అయిపోయాక సాయంత్రం ఆర్కే బీచ్‌కి పోయాం. అలలు పెద్దగా లేని చోటు చూసుకుని నీళ్లలోకి దిగాం. మోకాళ్ల దాకా వచ్చేసరికి మాలో ఒకడు ఆగిపోయాడు. ఇక్కడ సొరచేపలు ఉంటాయా అని వాడి డౌట్. నవ్వాం కానీ, నిజం చెప్పాలంటే అందరం ఒక అడుగు వెనక్కే వేశాం. చూసిన ఇంగ్లిష్ సినిమాలన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి.

ఒడ్డున వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన చెయ్యి ఊపి మమ్మల్ని బయటికి రమ్మన్నాడు. ఆయన గొడవ సొరచేపల గురించి కాదు. అల విరగకుండా నిమ్మళంగా కనిపిస్తున్న చోటే నీళ్లు లోపలికి గుంజుతాయట. ఎప్పుడూ అక్కడ దిగొద్దని చెప్పాడు. మేం సేఫ్ అనుకుని ఏరికోరి దిగింది సరిగ్గా అక్కడే.

పొద్దున ఇంటర్వ్యూలోనూ ఇదే జరిగింది. ఇంగ్లిష్‌లో తడబడతానేమో అని రాత్రంతా నిద్రపోలేదు. తీరా అక్కడ ఇంగ్లిష్ సమస్యే కాలేదు. నా సొంత ప్రాజెక్టులో ఆ డేటాబేస్ ఎందుకు వాడావని అడిగితే నోరు పెగల్లేదు. భయపడింది ఒకదానికి, దెబ్బ తిన్నది ఇంకోదానితో.

కొన్నేళ్ల తర్వాత మా ఊళ్లో పత్తి ఏరే రోజుల్లో మా బంధువు ఒకామెను రక్తపింజర కాటేసింది. టైమ్‌కి ఆసుపత్రికి తీసుకెళ్లడంతో బతికింది. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చుని ఫోన్‌లో ఆ పాము గురించి వెతికాను. ఇంగ్లిష్‌లో దాని పేరు రసెల్స్ వైపర్. ఎవరీ రసెల్ అని చూస్తే, రెండు వందల ఏళ్ల కిందట మన విశాఖపట్నంలో ఉండి పాములను, చేపలను, సొరలను ఒక్కొక్కటిగా పరిశీలించిన డాక్టర్. అప్పటి నుంచి ఆయన కథ నాకు బాగా దగ్గరైంది. జాబ్ వేటలో ఉన్న మీకూ పనికొస్తుందనిపించి రాస్తున్నా.

కిటికీ దగ్గర డాక్టర్

ప్యాట్రిక్ రసెల్ 1727లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో పుట్టాడు. అక్కడే మెడిసిన్ చదివాడు. ఆయన సవతి అన్న అలెగ్జాండర్ రసెల్ ఇప్పటి సిరియాలోని అలెప్పో నగరంలో ఇంగ్లిష్ వర్తకుల కంపెనీకి డాక్టరు. 1750లో ప్యాట్రిక్ అన్న దగ్గరికి వెళ్లాడు. 1753లో అన్న తిరిగి వెళ్లిపోగా ఆ ఉద్యోగం ఈయనకు వచ్చింది. అరబిక్ నేర్చుకున్నాడు. ఊరి జనంలో మంచి పేరు తెచ్చుకున్నాడు.

1760లో అలెప్పోలో ప్లేగు మొదలైంది. రెండేళ్లకు పైగా ఊరిని పీడించింది. అప్పటికి బ్యాక్టీరియా అనే మాటే లేదు. ప్లేగు ఎలా పాకుతుందో ఎవరికీ ఖచ్చితంగా తెలియదు. పారిపోయినవాళ్లు పారిపోయారు, ఇంట్లో తలుపులు వేసుకున్నవాళ్లు వేసుకున్నారు. రసెల్ మధ్యదారి ఒకటి పట్టాడు. వెనిగర్‌లో తడిపిన గుడ్డ పెట్టుకుని కిటికీలో నుంచి రోగులను చూసేవాడు. ఎవరికి ఏ లక్షణం ఎప్పుడు వచ్చింది, ఎవరు బతికారు, ఎవరు పోయారు అన్నది రాసిపెట్టుకునేవాడు.

ఆయనకు భయం లేదనుకుంటే పొరపాటు. భయం ఉంది కాబట్టే కిటికీ దగ్గర ఉన్నాడు. కానీ కిటికీ మూసెయ్యలేదు. ఆ నోట్సే తర్వాత 1791లో ప్లేగు మీద పెద్ద పుస్తకంగా వచ్చింది.

యాభై నాలుగేళ్ల వయసులో విశాఖకు

1770ల మొదట్లో రసెల్ ఇంగ్లండ్ తిరిగొచ్చి లండన్‌లో ప్రాక్టీస్ పెట్టాడు. 1777లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. ఇక హాయిగా స్థిరపడొచ్చు. కానీ 1781లో తమ్ముడు క్లాడ్ రసెల్‌కు విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ పాలనా బాధ్యత ఉండటంతో, ఆ కుటుంబంతో కలిసి మన దేశానికి ఓడెక్కాడు. అప్పటికి ఆయనకు 54 ఏళ్లు. వచ్చినప్పుడు చేతిలో ఆర్డర్ కాపీ లేదు, పోస్టు లేదు. ఖాళీగా కూర్చోకుండా చుట్టుపక్కల మొక్కలు, చేపలు, పాములు చూడటం మొదలుపెట్టాడు.

1785లో మద్రాసులో కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్తగా ఉన్న కోనిగ్ చనిపోయాడు. ఆ స్థానంలో ఎవరిని పెట్టాలి అన్నప్పుడు అప్పటికే పని మొదలుపెట్టినవాడు కళ్లముందు ఉన్నాడు. ఆ ఏడాది నవంబర్‌లో రసెల్‌ను నియమించారు. 58 ఏళ్లకు కొత్త రంగంలో కొత్త ఉద్యోగం. గ్యాప్ ఇయర్ వచ్చిందని దిగులుపడే ఫ్రెండ్స్ ఈ లెక్క ఒకసారి చూసుకోండి.

ఏది విషం, ఏది కాదు

కోరమాండల్ తీరంలో పాముకాటు చావులు రసెల్‌ను కలవరపెట్టాయి. అప్పటికి విరుగుడు మందు లేదు. అది రావడానికి ఇంకో వందేళ్లు పట్టింది. అన్ని పాములూ ఒకటే అనుకునే చోట రెండు రకాల నష్టం జరుగుతుంది. విషం లేని పాము కరిచినా మనిషి భయంతో కుంగిపోతాడు. విషమున్నది కరిచినప్పుడు ఏదో పసరు పూసి తగ్గుతుందిలే అని కూర్చుంటాడు. అందుకే ఆయన ముందు పెట్టుకున్న ప్రశ్న చాలా చిన్నది: మామూలు మనిషి విషపామును ఎలా గుర్తుపట్టాలి?

పాములను తెప్పించుకుని పొలుసులు, రంగులు, మచ్చలు, కోరలు పరిశీలించాడు. బొమ్మలు గీయించాడు. కుక్కల మీద, కోళ్ల మీద కాటు ప్రయోగాలు చేసి ఎన్ని నిమిషాలకు ఏం జరిగిందో రాసుకున్నాడు. ఇప్పటి కళ్లతో చదివితే ఆ ప్రయోగాలు కష్టంగానే అనిపిస్తాయి. తంజావూరు మాత్ర అని ఒకటి పాముకాటుకు తిరుగులేని మందుగా పేరుపడి ఉండేది. అందులో పాషాణం కలిసేది. రసెల్ దాన్ని కూడా పరీక్షకు పెట్టాడు.  అందరూ నమ్ముతున్నారు కాబట్టి నిజం అని ఆయన ఒప్పుకోలేదు.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటి ఉంది. పాములకు, చేపలకు ఇక్కడివాళ్లు పిలిచే పేర్లనే తనకు వినిపించినట్టు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్నాడు. జెర్రిపోతు ఆయన పుస్తకంలో జెర్రిపోతుగానే ఉంది. పొలాల్లో ఎలుకలు తినే ఆ పాముకు విషం లేదు. కానీ ఇవాళ్టికీ భయంతో దాన్ని కొట్టి చంపుతూనే ఉన్నాం. కట్లపాము జాతికి శాస్త్రవేత్తలు పెట్టిన బుంగారస్ అనే పేరు మన బంగారు అనే మాట నుంచే వెళ్లింది. ఆయన బంగారు పాము అని రాసుకున్నది అలా లాటిన్‌లోకి ఎక్కింది.

మా బంధువును కరిచిన పాముకు ఆయన రాసుకున్న పేరు కాటుక రేకుల పొడ. రక్తపింజర వీపు మీద వరసగా ఉండే మచ్చలకు నల్లటి అంచు ఉంటుంది. కాటుక దిద్దిన రేకుల్లా ఉంటాయి. ఒకసారి వింటే చాలు, ఆ పామును చూసినప్పుడు పేరు దానంతటదే గుర్తొస్తుంది. నాగుపాము తర్వాత ప్రాణానికి అంత ముప్పు దీనితోనే అని రసెల్ గుర్తించాడు. 1797లో శాస్త్రీయ నామం పెట్టినప్పుడు దానికి ఆయన పేరే ఇచ్చారు.

సొరల లెక్క కూడా తేల్చాడు

1789 మొదట్లో రసెల్ ఇంగ్లండ్ తిరిగి వెళ్లాడు. ఆయన స్థానంలోకి విలియం రాక్స్‌బర్గ్ వచ్చాడు. సేకరించిన పాముల్లో చాలావాటిని మద్రాసులోనే అప్పగించి పోయాడు. నోట్సు, బొమ్మలు తీసుకెళ్లాడు. 1796లో కోరమాండల్ తీరపు పాముల పుస్తకం మొదటి సంపుటం వచ్చింది. అప్పటికి ఆయనకు 69 ఏళ్లు. 1803లో, 76 ఏళ్ల వయసులో, విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలతో, వివరాలతో రెండు సంపుటాలు వెలువడ్డాయి.

అందులో మా ఫ్రెండ్ భయపడ్డ సొరలు కూడా ఉన్నాయి. పాల సొర, కొమ్ము సొర అంటూ తెలుగు పేర్లతోనే ఉన్నాయి. తోకకు ముల్లుండే టేకు చేపలూ ఉన్నాయి. పాముల పుస్తకంలో సముద్రపు పాములకు వేరే చోటు ఉంది. సముద్రంలో ఏదో ఉంది అనే భయం ఈ పుస్తకాల్లో పేజీలుగా, బొమ్మలుగా, పేర్లుగా విడిపోయింది. సొర అనే మన మాట కూడా ఊరికే పోలేదు. 1839లో ఒక సొర జాతికి పెట్టిన శాస్త్రీయ నామంలో సొర్రా అని చేరింది.

ఇవాళ్టి లెక్కలు కూడా చూద్దాం. కవ్వించకుండా సొరచేపలు మనుషుల మీద దాడి చేసే ఘటనలు ప్రపంచం మొత్తం మీద ఏడాదికి వంద లోపే. అందులో చావులు ఇంకా తక్కువ. 2021 డిసెంబర్‌లో విశాఖ దగ్గర తంతడి తీరానికి భారీ తిమింగల సొర వచ్చింది. అది సొరల్లోనే కాదు, చేపలన్నింట్లోకీ పెద్దది. కానీ తినేది నీళ్లలో తేలే చిన్న చిన్న జీవాలను. అటవీ శాఖవాళ్లు, మత్స్యకారులు కలిసి దాన్ని మళ్లీ సముద్రంలోకి పంపించారు.

సముద్రపు పాముల్లో విషమున్నవి మన తీరంలోనూ ఉన్నాయి. ఎక్కువగా వలల్లో చిక్కుతాయి. కాబట్టి ఒడ్డున పాము కనిపిస్తే చచ్చిపోయిందనుకుని చెయ్యి పెట్టొద్దు. బీచ్‌లో మనబోటి వాళ్లను నిజంగా మింగేది మాత్రం లోపలికి లాగే నీటి పాయే. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదితే అలసిపోయి మునుగుతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ పాయ దాటాక ఒడ్డుకు రావాలి. ఈత రాకపోతే తేలుతూ చెయ్యెత్తి సాయం అడగాలి. అసలు హెచ్చరిక బోర్డున్న చోట దిగకపోవడం అన్నిటికంటే మేలు.

ఇక మన వైపు సంగతి. దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా. అంటే ఏటా సగటున 58 వేల మంది. ఎక్కువమంది పల్లెల్లోవాళ్లే. జైనూర్ కుర్రాడు సముద్రంలో సొరకు భయపడి, చెప్పుల్లేకుండా రాత్రి పూట పత్తి చేనులో నడుస్తాడు. నేనూ నడిచాను. టార్చి, కాళ్లకు గట్టి చెప్పులు, కాటు పడితే కట్లు కట్టకుండా, కోయకుండా, కాలు కదపకుండా నేరుగా ఆసుపత్రి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషానికి పనిచేసే మందు ఇప్పుడు మనకు ఉంది. రసెల్‌కు లేనిది అదే.

పూర్తి కాని పని

రసెల్ విరుగుడు కనిపెట్టలేదు. పాముల పుస్తకం రెండో సంపుటం ఆయన కళ్లముందు పూర్తి కూడా కాలేదు. 1805 జులై 2న, మూడు రోజుల అనారోగ్యంతో లండన్‌లో కన్నుమూశాడు. వయసు 78. పెళ్లి చేసుకోలేదు. ఆ సంపుటంలోని చివరి భాగాలు 1807లో, 1809లో వచ్చాయి. మన భాషలో చెప్పాలంటే కోడ్ పూర్తి కాకముందే ఆయన వెళ్లిపోయాడు. కానీ డాక్యుమెంటేషన్ అంత శుభ్రంగా ఉంది కాబట్టి తర్వాతివాళ్లు అందుకోగలిగారు.

ధైర్యంగా ఉండు అని మనకు అందరూ చెప్తారు. దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో విడదీసి చూడమని చెప్పేవాళ్లు తక్కువ. రసెల్ జీవితమంతా చేసింది ఆ విడదీసే పనే. విశాఖ నుంచి వచ్చాక నేనూ ఒక కాగితం తీసుకుని ఇంటర్వ్యూ అంటే నాకు ఏమేం భయమో పేర్లతో రాసుకున్నాను. పన్నెండు వచ్చాయి. వాటిలో విషమున్నవి రెండే: నా ప్రాజెక్టు నాకే సరిగా తెలియకపోవడం, తెలియనప్పుడు తెలియదని చెప్పలేకపోవడం. మిగతా పదీ జెర్రిపోతులే. ఆ రెండింటి మీద నాలుగు నెలలు కూర్చున్నాను. తర్వాతి ఇంటర్వ్యూలో నా ఇంగ్లిష్ ఏమీ మారలేదు, ఉద్యోగం మాత్రం వచ్చింది.

ఈసారి బీచ్‌కి పోయినా, ఇంటర్వ్యూకి పోయినా దిగే ముందు ఒక్క నిమిషం ఆగి చూడండి. నీళ్లు ఎటు గుంజుతున్నాయో తెలియకపోతే, ఒడ్డున వల సర్దుకుంటున్న మనిషిని అడగండి.