చెవితో చూసిన వైద్యుడు

మెడలో స్టెతస్కోపు లేని డాక్టరును మన సినిమాల్లో ఎవరైనా చూశారా? అది వేలాడితేనే ఆయన డాక్టరు, లేకపోతే కాంపౌండరు. నర్సింగు చదివే మాకూ మొదటి సంవత్సరంలోనే అది చేతికొస్తుంది. కాని దాన్ని కనిపెట్టిన మనిషి ఎవరు, ఎట్లా బతికాడు, ఎట్లా పోయాడు అంటే మాలోనే చాలామంది తెల్లమొహం వేస్తారు. పాఠ్యపుస్తకంలో ఆయనకు దక్కేది పేరు, సంవత్సరం, అంతే. అది నాకు అన్యాయమనిపించింది. అందుకే మన యూనియన్ వారు ఈ సంచికలో నాకిచ్చిన చోటంతా ఆయనకే ఇచ్చేస్తున్నాను.

ఆయన పేరు రెనే లెనెక్. ఫ్రాన్సు దేశపు పడమటి కొసన, సముద్రంలోకి చొచ్చుకుపోయిన బ్రిటనీ ప్రాంతంలో, కెంపేర్ పట్టణంలో 1781 ఫిబ్రవరి 17న పుట్టాడు. అయిదేళ్ళ వయసులో తల్లి పోయింది. క్షయతోనే పోయిందని అంటారు. తండ్రి లాయరు. ఆయనకు పద్యాలు రాయడం మీద ఉన్న శ్రద్ధ పిల్లల పెంపకం మీద లేదు, చేతిలో పైసా నిలిచేది కాదు. దాంతో 1788లో రెనేనూ, తమ్ముడు మిషోనూ నాంత్ నగరంలో ఉన్న తన సోదరుడు గియోమ్ దగ్గరికి పంపేశాడు. గియోమ్ పేరున్న వైద్యుడు. లెనెక్ జీవితానికి అసలైన తండ్రి ఆయనే అని నా అభిప్రాయం.

మరుసటి ఏడే ఫ్రెంచి విప్లవం వచ్చిపడింది. గియోమ్ ఇల్లు సరిగ్గా బుఫే చౌకు ఎదురుగా ఉండేది. ఆ చౌకులోనే గిలొటిన్ నిలబెట్టారు. కిటికీ తెరిస్తే తలలు తెగడం కనబడే ఇంట్లో ఆ పిల్లవాడు పదేళ్ళు దాటాడు. ఇట్లాంటివి చూసిన పిల్లలు కొందరు మొద్దుబారిపోతారు, కొందరు మెత్తబడతారు. ఇతడు పధ్నాలుగో ఏటికల్లా ఆ ఊరి ఆసుపత్రిలో రోగులకూ, గాయపడినవాళ్ళకూ కట్లు కట్టే పనిలో చేరాడు. నర్సింగువాళ్ళం గనక ఈ మాట కాస్త గట్టిగానే చెప్పుకోవచ్చు: లెనెక్ వైద్యంలోకి వచ్చింది రోగి పక్కన చేసే సేవతోనే.

తండ్రికి కొడుకు వైద్యుడు కావడం బొత్తిగా ఇష్టం లేదు. కొన్నాళ్ళు చదువు ఆగింది. ఆ ఖాళీలో కుర్రవాడు గ్రీకు నేర్చాడు, వేణువు వాయించాడు, పొలాల వెంట తిరిగాడు. చివరికి 1801లో, చేతిలో బండి కిరాయికి డబ్బు లేక, కాలినడకనే పారిస్ చేరుకున్నాడు. మనిషి పొట్టి, బక్కపలచన, అప్పుడప్పుడూ ఆయాసం. అయినా రెండేళ్ళు తిరిగేసరికి వైద్యంలోనూ శస్త్రచికిత్సలోనూ మొదటి బహుమతులు రెండూ తనే కొట్టేశాడు. 1804లో డాక్టరు పట్టా వచ్చింది.

పారిస్‌లో ఆయన గురువు కోర్విసార్, నెపోలియన్ చక్రవర్తికి సొంత వైద్యుడు. ఈయన ఒక మరచిపోయిన విద్యను బతికించాడు. ఆస్ట్రియాలో ఔవెన్‌బ్రుగ్గర్ అనే వైద్యుడు రోగి రొమ్ముమీద వేళ్ళతో తట్టి, ఆ మోతనుబట్టి లోపల నీరుందో గాలి ఉందో చెప్పవచ్చునని 1761లోనే రాశాడు. ఈ వైద్యుడిది పూటకూళ్ళ ఇల్లు నడిపిన కుటుంబం. పీపాలో సారా ఎంతవరకు ఉందో తట్టి తెలుసుకోవడం అటువంటి ఇళ్ళల్లో మామూలే. అయినా యాభై ఏళ్ళపాటు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1808లో కోర్విసార్ దాన్ని ఫ్రెంచిలోకి తెచ్చాడు. తట్టి వినడం లెనెక్‌కు అట్లా అబ్బింది.

ఇక చెవి రొమ్ముకు ఆనించి వినడమనేది గ్రీకుల కాలం నుంచీ ఉన్నదే. ఉన్నా, చేసేవాళ్ళు తక్కువ. ఆసుపత్రి రోగులంటే మురికి బట్టలూ పేలూ. ఆడవాళ్ళయితే చెప్పనే అక్కరలేదు, ఒక పరాయి మగవాడు తల తెచ్చి రొమ్ముమీద పెడితే ఏ తల్లి ఒప్పుకుంటుంది? మన దేశంలోనే సిగ్గుపడతారని కొందరనుకుంటారు గాని, రెండు వందల ఏళ్ళనాటి పారిస్‌లో సంగతీ ఇంతే.

1814లో యుద్ధం పారిస్ దాకా వచ్చినప్పుడు బ్రిటనీ నుంచి పట్టుకొచ్చిన పల్లెటూరి సైనికులు గాయాలతో, జ్వరాలతో ఆసుపత్రులకు చేరారు. వాళ్ళకు ఫ్రెంచి రాదు. చుట్టూ ఉన్నవాళ్ళకు వాళ్ళ బ్రెటన్ భాష రాదు. లెనెక్ ఆ భాష నేర్చుకుని ఉన్నాడు గనక వాళ్ళ మధ్య కూర్చుని వాళ్ళ మాటల్లోనే పలకరించేవాడు. కొత్త ఊరి ఆసుపత్రిలో మన యాసలో ఒక మాట వినబడితే ప్రాణం ఎంత లేచొస్తుందో వార్డులో పనిచేసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

1816లో ఆయన నెకేర్ ఆసుపత్రిలో వైద్యుడిగా చేరాడు. మదాం నెకేర్ అనే ఆవిడ 1778లో స్థాపించిన ఆసుపత్రి అది. ఆ రోజుల్లో పెద్దాసుపత్రిలో ఒకే మంచం మీద ముగ్గురు నలుగురు రోగులు పడి ఉండేవాళ్ళు. ఇక్కడ మనిషికో మంచం. ఆ వసతి లేకపోతే తర్వాతి కథ ఎట్లా నడిచేదో అనిపిస్తుంది నాకు.

ఆ ఏడాదే గుండెజబ్బు లక్షణాలతో ఒక పడుచు స్త్రీ వచ్చింది. స్థూలకాయం వల్ల తట్టి చూస్తే ఏమీ తెలియలేదు. చెవి ఆనించి విందామంటే ఆమె వయసూ, ఆడతనమూ అడ్డం. అప్పుడు ఆయనకు ఒక సంగతి తట్టింది: దూలానికి ఒక చివర గుండుసూదితో గీకితే, రెండో చివర చెవి పెట్టినవాడికి అది స్పష్టంగా వినిపిస్తుంది. లూవ్ర్ ప్రాంగణంలో పిల్లలు ఇదే ఆట ఆడుతుంటే చూశాడని తర్వాతి రోజుల్లో మిత్రుడొకడు చెప్పాడు. ఆట సంగతి ఎట్లా ఉన్నా, లెనెక్ ఒక దస్తా కాగితాలు తీసుకుని గట్టిగా గొట్టంలా చుట్టాడు. ఒక కొస ఆమె గుండెమీద, రెండో కొస తన చెవికి. నేరుగా చెవి ఆనిస్తే వినబడే దానికంటే గుండె చప్పుడు ఎంతో స్పష్టంగా వినిపించింది.

తర్వాత కాగితం పోయి కొయ్య వచ్చింది. రకరకాల కొయ్యలు, లోహాలు, గాజు అన్నీ ప్రయత్నించి, సుమారు ముప్ఫయి సెంటీమీటర్ల పొడవున, మధ్యలో బెజ్జం ఉన్న కర్ర గొట్టాన్ని ఖాయం చేసుకున్నాడు. లేతు మీద తనే చిత్రిక పట్టుకునేవాడు. వేణువు వాయించినవాడికి గొట్టం గురించి ఒకరు చెప్పాలా? మొదట్లో దాన్ని సిలిండరు అనే పిలిచాడు. ఎవరికి తోచిన పేరు వాళ్ళు పెడుతుంటే చివరికి గ్రీకులోంచి రొమ్ము, చూడడం అనే రెండు మాటలు కలిపి స్టెతస్కోపు అన్నాడు. వినే వస్తువుకు చూసే వస్తువని పేరు!

గొట్టం ఎవరైనా చేయగలరు. ఆయన గొప్పదనం ఆ తర్వాతి మూడేళ్ళలో ఉంది. రోజూ మంచాల మధ్య తిరిగి, ఒక్కొక్క రొమ్ములో ఏ చోట ఏ చప్పుడు విన్నాడో రాసుకునేవాడు. ఆ రోగి చనిపోతే, కళేబరాన్ని కోసి ఆ చప్పుడు వచ్చిన చోట ఏముందో చూసేవాడు. విన్నదానికీ కన్నదానికీ లంకె కుదిరేదాకా వదిలేవాడు కాదు. ఒకామె మాట్లాడుతుంటే, ఆమె గొంతు రొమ్ములోని ఒకే చోటు నుంచి గొట్టంలోకి నేరుగా వస్తున్నట్టు వినిపించింది. మరికొందరు క్షయ రోగుల్లోనూ అట్లాగే. వాళ్ళు పోయాక కోసి చూస్తే, సరిగ్గా ఆ చోట ఊపిరితిత్తిలో క్షయ తొలిచిన బొరియ. బతికి ఉన్న మనిషి ఊపిరితిత్తిలో రంధ్రం ఉందని బయటినుంచి చెప్పగలిగారంటే ఆ రోజుల్లో ఎంత మాట! ఎక్స్‌రే రావడానికి ఇంకా ఎనభై ఏళ్ళుంది.

ఆ చప్పుళ్ళకు పేర్లు కూడా ఆయనే పెట్టాలి గదా. ఇంట్లో, పెరట్లో వినబడే చప్పుళ్ళతోనే పోల్చాడు. న్యుమోనియా మొదట్లో వచ్చేది వేడి పాత్రలో ఉప్పు చిటపటలాడినట్టు. ఒక రకం గురగుర గువ్వ కూసినట్టు. సన్నని ఈల పిట్టల కిచకిచలాగా. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరినవాడు మాట్లాడితే మేక అరుపులా వణుకు. మా తరగతుల్లో నేర్పే క్రాకిల్స్, వీజ్, రాంకై అన్నీ ఈ మనిషి పెట్టిన బడిలోంచి వచ్చినవే. చెవి దగ్గర నాలుగు వెంట్రుకలు నలిపి చూడండి, సన్నని క్రాకిల్స్ అట్లాగే ఉంటాయి.

ఈ పేర్లలో ఒకదాని సంగతి నాకు అన్నిటికంటే నచ్చింది. రొమ్ములోని అదనపు చప్పుళ్ళన్నిటికీ ఆయన రాల్ అనే మాట వాడాడు. కాని మామూలు ఫ్రెంచి జనానికి రాల్ అంటే ప్రాణం పోయేముందు గొంతులో వచ్చే గురక. వైద్యుడు మంచం పక్కన నిలబడి విద్యార్థులతో ఆ మాట అంటే వినే రోగికి అక్కడే గుండె ఆగుతుంది. అందుకని రోగి ముందు ఆ మాట మాని, లాటిన్‌లో రాంకస్ అనేవాడు. మనం వార్డులో రోగి తలమీదుగా ఇంగ్లీషులో ఎన్నేసి మాటలు అనుకుంటామో, అందులో ఎన్ని ఆయన చెవిన పడి అర్థమవుతాయో ఎప్పుడైనా లెక్కవేశామా?

సందర్భం వచ్చింది గనక మా పని గురించీ నాలుగు మాటలు. ఊపిరి పరీక్ష చెవితో మొదలుకాదు. ముందు చూడాలి: నిమిషానికి ఎన్నిసార్లు పీలుస్తున్నాడు, మెడ కండరాలు బిగుస్తున్నాయా, రెండు పక్కలా సమానంగా లేస్తున్నాయా, పెదాలు నీలం తిరిగాయా. లెక్కపెడుతున్నామని రోగికి తెలిస్తే ఊపిరి మారిపోతుంది, అందుకే నాడి పట్టుకున్నట్టే నటిస్తూ లెక్కపెడతాం. తర్వాత చొక్కా మీదనుంచి కాదు, ఒంటి మీదే స్టెతస్కోపు పెట్టి, నోటితో నిదానంగా పీల్చమని, కుడిని ఎడమతో పోలుస్తూ పైనుంచి కిందికి రావాలి. వీపు కింది భాగం వదలకూడదు. మంచాన పడ్డవాళ్ళకు కఫం చేరేదీ, నీరు చేరేదీ ముందు అక్కడే. ఇంకొకటి, ఉబ్బసం రోగి రొమ్ములో ఈల ఆగిపోయిందని సంతోషించకూడదు. మనిషి తేరుకోకుండా చప్పుడు మాత్రం తగ్గిందంటే, గాలి ఆడడమే మానేస్తోందని అర్థం. పరుగెత్తి డాక్టరును పిలవవలసిన సమయం అదే.

సరే, మళ్ళీ ఆయన కథలోకి వద్దాం. 1819లో రెండు సంపుటాల పుస్తకం వచ్చింది. పుస్తకంతోపాటు గొట్టం కూడా అమ్మకానికి పెట్టారు. మెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు, ఎగతాళి చేసినవాళ్ళూ ఉన్నారు. 1821లో దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన ఫోర్బ్స్‌కే, ఈ పరికరం అందరి వాడుకలోకి వస్తుందన్న నమ్మకం లేదు. అదే ఏడు లెనెక్ దేశంవాడైన కెర్గరాదెక్ ఆ గొట్టాన్నే గర్భిణి కడుపుమీద పెట్టి శిశువు గుండె చప్పుడు విన్నాడు. లెనెక్‌కు ఆ ఆలోచన రాలేదు. కాన్పుల వార్డుల్లో వాడుతూ వచ్చిన బాకాలాంటి గొట్టం ఈ కొయ్య గొట్టానికి వారసురాలే. మన మెడలో వేసుకునే రెండు చెవుల స్టెతస్కోపు మాత్రం ఆయన పోయాక పాతికేళ్ళకు, 1850ల మొదట్లో వచ్చింది.

ఇంత విన్న చెవికీ అందని సంగతి ఒకటుంది. క్షయ ఒకరినుంచి ఒకరికి అంటుకుంటుందని ఆయన నమ్మలేదు. ఒక సన్యాసినుల మఠంలో పదేళ్ళలో మనుషులంతా రెండు మూడుసార్లు మారిపోయేటంతగా క్షయ తినేయడం స్వయంగా చూసి కూడా, కఠిన నియమాలూ దిగులే కారణం అనుకున్నాడు. కాక్ ఆ క్రిమిని చూపించింది 1882లో. తల్లి పోయింది, తమ్ముడు మిషో 1810లో పోయాడు, క్షయ మీదే పనిచేసిన ప్రాణమిత్రుడు బేల్ 1816లో పోయాడు. రోజూ ఆ రోగుల ఊపిరికి జానెడు దూరంలో కూర్చుని, ఆ కళేబరాలనే కోస్తూ, తనకు మాత్రం జబ్బు ఎక్కడినుంచి వస్తోందో తెలియకుండానే ఆయన పని చేసుకుపోయాడు.

పుస్తకం అచ్చుకాగానే ఒళ్ళు చెడి బ్రిటనీలో సముద్రం దగ్గరి తన పల్లెటూరి ఇంటికి వెళ్ళిపోయాడు. పొలం, చెట్లు చూసుకుంటూ రెండేళ్ళు కోలుకుని, తిరిగి పారిస్ వచ్చాడు. ప్రొఫెసరు పదవులు, బిరుదులు వచ్చాయి. ఆయన క్లాసులకు పరాయి దేశాల విద్యార్థులు కూడా వచ్చేవారు. 1824 డిసెంబరులో తన ఇల్లు చక్కబెడుతున్న ఒక వితంతువును పెళ్ళిచేసుకున్నాడు. పుస్తకం రెండో కూర్పు కోసం రాత్రింబగళ్ళు కూర్చున్నాడు. 1826లో అది వచ్చింది, దానితోపాటు జ్వరం, దగ్గు, ఆయాసం కూడా.

ఆయన దగ్గర వైద్యం నేర్చుకున్న బంధువు కుర్రవాడు మెరియాదెక్ ఉన్నాడు. తన స్టెతస్కోపు అతని చేతికిచ్చి, తన రొమ్మును వినమని, విన్నది ఉన్నదున్నట్టు చెప్పమని అడిగాడు. ఆ కుర్రవాడు చెబుతూ పోయాడు. ఏ చప్పుడు ఎక్కడ వస్తే దాని అర్థమేమిటో లోకానికి నేర్పినవాడే వింటున్నాడు, ఇక దాచేదేముంది?

మే నెలాఖరులో బ్రిటనీకి బయలుదేరాడు. సముద్రపు గాలి తగిలితే నయమవుతుందని ఆశ. వీలునామా రాసి, కాగితాలూ, గడియారమూ, స్టెతస్కోపూ మెరియాదెక్‌కు ఇచ్చాడు. అన్నిటిలోకీ విలువైనది ఆ కొయ్య గొట్టమేనని అందులో రాశాడు.

1826 ఆగస్టు 13న పోయాడు. అప్పటికి నలభై అయిదేళ్ళు. చనిపోయేముందు మంచంమీద లేచి, వేళ్ళ ఉంగరాలు ఒక్కొక్కటే తీసి పక్కనున్న బల్లమీద పెట్టాడట. ఎందుకని అడిగితే, కాసేపట్లో ఎలాగూ ఎవరో ఒకరు తీయవలసిందే, ఆ కష్టం వాళ్ళకెందుకు అన్నాడని చెప్పుకుంటారు. మా వార్డుల్లో ఆ పని నర్సులదే.