జంతుమండలములను శోధించిన వాలెస్

బాపట్ల జిల్లాలోని రామాపురమున చెట్టుకొమ్మపై కూర్చుండి, కంసాలి సుత్తితో కొట్టినట్లు టంగు టంగున కూయు చిన్నపిట్టను బాలురెల్లరు ఎరుగుదురు. దానిని కంసాలిపిట్ట యందురు. ఆ జాతి పిట్ట ఇచటినుండి తూర్పుగా మయన్మారు, మలేషియా, జావాల మీదుగా బాలిద్వీపము వరకు కలదు. బాలికి ప్రక్కనే యున్న లాంబాక్ ద్వీపమున అది కానరాదు. ఇట్టి వింతకు కారణము వెదకిన మహనీయుడు ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్.

వాలెస్ 1823 జనవరి 8న వేల్సు ప్రాంతమున జన్మించెను. తండ్రి ఆస్తి కరగిపోవుటచే పదునాలుగేండ్ల ప్రాయముననే చదువు మానవలసి వచ్చెను. అన్నగారి వద్ద భూములు కొలుచు పని నేర్చి, పొలముల వెంట తిరుగుచు మొక్కలను గుర్తించుట అలవరచుకొనెను. 1848లో మిత్రుడు బేట్సుతో కలిసి దక్షిణ అమెరికాలోని అమెజాన్ అడవులకు పోయెను. పక్షులను, కీటకములను సేకరించి లండనుకు పంపి, వాటిని అమ్మగా వచ్చిన ధనముతో జీవించుటయే వారి యుపాయము. అచట పెద్దనది కొకయొడ్డున నున్న కోతిజాతి రెండవ యొడ్డున లేకుండుట ఆయన గమనించెను. పూర్వులు తమ నమూనాలకు అంటించిన చీటీలపై ఏ యొడ్డున దొరికినదియు వ్రాయరైరి. చోటు తెలియని నమూనా తన కథను చెప్పజాలదని ఆయన గ్రహించెను.

1852లో తిరుగు ప్రయాణమున నడిసముద్రములో ఓడకు నిప్పంటుకొనెను. నాలుగేండ్ల శ్రమఫలములో చాలభాగము కన్నులయెదుటనే కాలిపోయెను. పదిదినములు చిన్నపడవలో ఎండకు మాడిన పిమ్మట మరియొక ఓడవారు ఆయనను రక్షించిరి. ఇంత జరిగినను వాలెస్ అధైర్యపడలేదు. 1854లో మలయా ద్వీపసమూహమునకు పయనమయ్యెను.

అచట ఎనిమిదేండ్లలో సుమారు 14,000 మైళ్ళు తిరిగి 1,25,660 నమూనాలను సేకరించెను. అలీ యను మలయా యువకుడు ఆయనకు కుడిభుజమై నిలిచెను. 1856లో వాలెస్ బాలినుండి లాంబాకునకు దాటెను. నడుమనున్న జలసంధి వెడల్పు 40 కిలోమీటర్లకు మించదు. అయినను బాలిలో చూచిన కంసాలిపిట్టలు ఆవలి యొడ్డున లేవు. వాటికి మారుగా తెల్లని కాకటూ చిలుకలును, ఆకులను మట్టిని దిబ్బగా పోసి అందులో గుడ్లు దాచు నేలపక్షులును కనబడెను. ఆసియా జంతువులు ఒకవైపున, ఆస్ట్రేలియా జంతువులు వేరొకవైపున నిలిచినట్లుండెను. బాలికి పడమట సముద్రము లోతు తక్కువ. మంచుయుగములందు నీరు తగ్గినపుడు ఆ ద్వీపములు ఆసియాతో కలిసిపోయెను. లాంబాక్ జలసంధి మిక్కిలి లోతగుటచే ఎన్నడును ఎండలేదు. ఈ హద్దునకు 1868లో హక్స్లీ పండితుడు వాలెస్ రేఖ యని పేరు పెట్టెను.

అంతకు మునుపే, 1858లో ప్రకటితమైన తన వ్యాసమున స్క్లేటర్ అను పక్షిశాస్త్రవేత్త పక్షులను బట్టి భూమిని ఆరు మండలములుగా విభజించి యుండెను. ఆ పేర్లలో కొన్ని గ్రీకు పదములనుండి పుట్టినవి. పాలియో యనగా ప్రాత. నియో యనగా క్రొత్త. ఆర్క్టాస్ అనగా ఎలుగుబంటి. మనము సప్తర్షులని పిలుచు చుక్కలున్న తారాసమూహమును గ్రీకులు ఎలుగుబంటిగా భావించిరి. అవి ఉత్తరాకాశమున నుండుటచే ఆ పదమునకు ఉత్తరదిక్కను అర్థము కలిగెను. కనుక ఐరోపా, ఉత్తర ఆసియాలు పాలియార్కిటిక్. ఉత్తర అమెరికా నియార్కిటిక్. దక్షిణ అమెరికా క్రొత్త ఉష్ణమండలము, అనగా నియోట్రాపికల్ ఆయెను. సహారాకు దక్షిణపు ఆఫ్రికా ఇథియోపియన్ మండలము. తక్కినవి ఇండియన్, ఆస్ట్రేలియన్ మండలములు.

వాలెస్ తలచినచో తన పేర్లే పెట్టియుండవచ్చును. కాని స్క్లేటరు విభజనను ఇతర జంతువులతో గూడ పరీక్షించి, అది సరియైనదని తేలగా దానినే స్వీకరించెను. ఇండియన్ మండలము భారతదేశపు ఎల్లలను దాటి ద్వీపముల వరకు వ్యాపించుటచే దానికి మాత్రము ఓరియంటల్, అనగా ప్రాచ్యమండలమను పేరు నిచ్చెను. ఈ విషయములన్నియు 1876లో రెండు సంపుటములుగా వెలువడెను. 1913 నవంబరు 7న ఆయన స్వర్గస్థుడయ్యెను.

2013లో శాస్త్రజ్ఞులు క్రొత్త పరిశోధనలతో భూమిని పదునొకండు మండలములుగా మరల విభజించిరి. అయినను ఆంధ్రదేశపు జీవులు చేరిన ప్రాచ్యమండలము పేరు అందులోను నిలిచియున్నది. సర్వస్వము అగ్నిపాలైనను వెనుదీయక, ప్రతి జీవి ఉనికిని ఉన్నదున్నట్లు వ్రాసి, పరుల కృషిని గౌరవించిన వాలెస్ జీవితము విద్యార్థుల కాదర్శప్రాయము.