అల్ఫోన్స్ ముఖా

అల్ఫోన్స్ ముఖా (జూలై 24, 1860 – జూలై 14, 1939) ప్రఖ్యాత చెక్ చిత్రకారుడు, గోడపత్రికల రూపశిల్పి. ఈయన ఇంటిపేరును పలువురు ముచా అని పలుకుతారు కాని చెక్ ఉచ్చారణ ముఖాకు దగ్గరగా ఉంటుంది. పందొమ్మిదవ శతాబ్ది చివర ఐరోపాలో వ్యాపించిన ఆర్ట్ నూవో (నవ్యకళ) ఉద్యమానికి ఈయన పోస్టర్లు ప్రతీకలుగా నిలిచాయి. అయితే ముఖా తన జీవిత లక్ష్యంగా భావించినది స్లావ్ జాతుల చరిత్రను తెలిపే చిత్రమాలికను.

బాల్యం, విద్యాభ్యాసం

ముఖా నాటి ఆస్ట్రియా సామ్రాజ్యంలోని మొరావియా ప్రాంతంలో, ఇవాన్‌చిత్సె పట్టణంలో జన్మించాడు. తండ్రి న్యాయస్థానంలో చిరుద్యోగి. మంచి గాత్రం ఉండడం వలన బ్ర్నో నగరంలోని చర్చి గాయక బృందంలో చేరి, ఆ ఆసరాతో పాఠశాల విద్య కొనసాగించాడు. ప్రాగ్ లలితకళా అకాడమీ ఈయనకు ప్రవేశం నిరాకరించింది. 1879లో వియన్నా చేరి, నాటకశాలలకు తెరలు చిత్రించే సంస్థలో పనికి కుదిరాడు. 1881 డిసెంబరులో అక్కడి రింగ్ థియేటర్ అగ్నికి ఆహుతి కావడంతో ఆ సంస్థ తన ముఖ్య ఖాతాదారును కోల్పోయింది. ముఖా ఉద్యోగం పోయింది.

తరువాత ఖూయెన్ అనే ప్రభువు తన భవనంలో ఈయన చేత కుడ్యచిత్రాలు వేయించి, ప్రతిభకు మెచ్చి మ్యూనిక్‌లోను, 1887 నుండి పారిస్‌లోను చదువుకు ధనసహాయం చేశాడు. 1889లో ఆ సహాయం ఆగిపోగా, ముఖా పత్రికలకు, పుస్తకాలకు బొమ్మలు వేసి జీవనం సాగించాడు.

గిస్మోండా పోస్టరు

ఫ్రెంచి రంగస్థల మహానటి సారా బెర్నార్ తన గిస్మోండా నాటకానికి వెంటనే పోస్టరు కావాలని 1894 డిసెంబరు చివరలో కోరింది. పండుగ రోజులు కావడంతో లెమెర్సియే ముద్రణాలయంలో అందుబాటులో ఉన్న ముఖాకు ఆ పని దక్కింది. 1895 జనవరి 1న అది పారిస్ గోడలపై వెలసింది. రెండు మీటర్లకు పైగా ఎత్తున్న ఆ సన్నని పోస్టరులో నాయిక ఖర్జూరపు మట్ట చేతబట్టి నిలుచుని ఉంటుంది. నాటకం పేరు ఆమె తలపైన విల్లువలె వంగి ఉంటుంది. ముదురు రంగుల పోస్టర్లకు అలవాటుపడిన నగరవాసులను దాని లేతవర్ణాలు ఆకట్టుకున్నాయి. సేకర్తలు వాటిని గోడలనుండి కోసుకుపోయేవారని చెబుతారు. సారా ముఖాతో ఆరేళ్ళ ఒప్పందం కుదుర్చుకుంది. లొరెంజాచ్చియో (1896), మెదే (1898), హామ్లెట్ (1899) మొదలైన నాటకాల పోస్టర్లు ఆ కాలంలో వచ్చినవే.

శైలి, మూలాలు

ముఖా శైలికి పాత కళలే పునాది. తల వెనుక ప్రభామండలం, రంగురాళ్ళ పొదుగు వంటి నేపథ్యం బైజాంటియన్ చర్చిలనుండి వచ్చాయి. గట్టి అంచుగీత, నీడలు లేని చదునైన రంగు జపాను చెక్క అచ్చు బొమ్మలను గుర్తుకు తెస్తాయి. పూలు, తీగెలు మొరావియా జానపద అలంకరణకు చెందినవి. శ్రీకాళహస్తి కలంకారీలో ముందు కలంతో నల్లని గీత గీసి, తరువాత రంగులు నింపడం చూసినవారికి ఈ పద్ధతి సులభంగా బోధపడుతుంది. నాటి రాతి అచ్చులో సాధారణంగా ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి కావాలి. అందుచేత గీతతో విడదీసిన చదునైన రంగులు ముద్రణకు అనుకూలించేవి.

ఋతువులు (1896) అనే నాలుగు అలంకార చిత్రాలు, జాబ్ సిగరెట్ కాగితాల ప్రకటన (1896) మిక్కిలి ప్రసిద్ధి పొందాయి. 1902లో 72 ఫలకాలతో అలంకరణ నమూనాల సంపుటాన్ని ప్రచురించాడు.

స్వదేశం, మాతృభాష

1906లో మారియా ఖితిలొవాను వివాహమాడాడు. అమెరికాలో కొంతకాలం పనిచేసి, అక్కడి సంపన్నుడు చార్లెస్ క్రేన్ ఆర్థిక సహాయంతో 1910లో స్వదేశానికి తిరిగివచ్చాడు.

1912లో నైరుతి మొరావియా సంఘం లాటరీకి వేసిన పోస్టరు ఈయన రచనలలో విశిష్టమైనది. ప్రభుత్వం అక్కడ జర్మను బడులకే ప్రాధాన్యమివ్వగా, చెక్ మాధ్యమపు పాఠశాలలకు నిధులు కూర్చడం ఆ లాటరీ ఉద్దేశం. పోస్టరులో పుస్తకాలు, పెన్సిళ్ళు పట్టుకున్న బాలిక చూపరులను నిలదీస్తున్నట్లు చూస్తుంటుంది. ఆమె వెనుక ఎండిన చెట్టుపై చెక్ జాతికి ప్రతిరూపమైన స్త్రీ దిగులుగా కూర్చొని ఉంటుంది. పారిస్‌లో వస్తువుల అమ్మకానికి పనికివచ్చిన కళ ఇక్కడ పిల్లల మాతృభాషా విద్యకు ఉపకరించింది.

1918లో చెకొస్లొవేకియా ఏర్పడినపుడు ఆ దేశపు తొలి తపాలా బిళ్ళలను, కరెన్సీ నోట్లను కూడా రూపొందించాడు. స్లావ్ మహాకావ్యం పేరిట 20 భారీ చిత్రాలు వేసి 1928లో ప్రాగ్ నగరానికి బహూకరించాడు. వాటిలో పెద్దవి సుమారు 6 మీటర్ల ఎత్తు, 8 మీటర్ల వెడల్పు కలవి. అప్పటికి కళాభిరుచులు మారిపోవడంతో విమర్శకులు వాటిని కాలం చెల్లినవిగా భావించారు.

మరణం

1939 మార్చిలో జర్మను సేనలు ప్రాగ్‌ను ఆక్రమించాయి. 78 ఏళ్ళ ముఖాను గెస్టాపో పోలీసులు నిర్బంధించి, ప్రశ్నించి విడిచిపెట్టారు. ఆరోగ్యం క్షీణించి న్యుమోనియాతో జూలై 14న మరణించాడు. వీషెహ్రాద్ శ్మశానంలో ఖననం చేశారు.

ప్రభావం

1963లో లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో జరిగిన ప్రదర్శనతో ముఖా పేరు మరల వెలుగులోకి వచ్చింది. 1966లో శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టాన్లీ మౌస్, ఆల్టన్ కెల్లీ ఒక సంగీత కచేరీ పోస్టరుకు జాబ్ ప్రకటనలోని స్త్రీ చిత్రాన్నే ఆధారంగా తీసుకున్నారు. పాత కళలనుండి ముఖా గ్రహించినట్లే తరువాతి తరం ఆయననుండి గ్రహించింది. ప్రాగ్‌లో ముఖా మ్యూజియం 1998లో ప్రారంభమయింది. స్లావ్ చిత్రమాలిక 2012లో ప్రాగ్‌కు చేరి, 2021లో తిరిగి మొరావ్‌స్కీ క్రుమ్‌లొవ్ కోటలో ప్రదర్శనకు వచ్చింది.