హిమాలయాల్లో తపస్సు.. విశాఖలో అణు ల్యాబ్! ఎవరీ స్వామి జ్ఞానానంద?

శ్రీకాకుళం, విజయనగరం నుంచి ఫిజిక్స్ చదవడానికి ఆంధ్రా యూనివర్సిటీకి వెళ్లే పిల్లలకు మొదట్లో ఓ డౌట్ వస్తుంది. న్యూక్లియర్ ఫిజిక్స్ ల్యాబ్‌లకు ఓ స్వామీజీ పేరేంటని! ఎవరో దాత అయ్యుంటారులే అనుకుంటారు. కాదు.. ఆ ల్యాబ్‌కి పునాది వేసిన సైంటిస్టే ఆయన. ఇవాళ ప్రపంచంలో కొండల కింద, గడ్డకట్టే చలిలో జరుగుతున్న అణు ప్రయోగాలకు అవసరమైన విద్యను అప్పట్లోనే మన ప్రాంతానికి తెచ్చారు.

ఇల్లు వదిలి.. దేశం దాటి..

స్వామి జ్ఞానానంద అసలు పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896లో పశ్చిమ గోదావరి జిల్లా భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టారు. యువకుడిగా ఉండగానే ఇల్లు వదిలి హిమాలయాలకు వెళ్లిపోయారు. ఏళ్ల తరబడి యోగ సాధన చేశారు. తన ఆధ్యాత్మిక గ్రంథం పని మీద 1927లో జర్మనీ వెళ్లారు. అక్కడే కథ మలుపు తిరిగింది. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ఆయన్ని ఫిజిక్స్ వైపు లాగేసింది. అప్పటికే వయసు 30 దాటింది. అయినా మళ్లీ విద్యార్థిగా మారారు.

ప్రేగ్‌లో చేరి ఎక్స్‌రేల మీద పరిశోధన చేశారు. ఆ తర్వాత ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ వెళ్లారు. న్యూట్రాన్‌ను కనిపెట్టిన నోబెల్ గ్రహీత జేమ్స్ చాడ్విక్ దగ్గర బీటా కిరణాల మీద పనిచేశారు.

బీటా అంటే ఏంటి?

కొన్ని పరమాణువుల కేంద్రకాలు వాటంతట అవే మారిపోతుంటాయి. అలా మారేటప్పుడు ఓ ఎలక్ట్రాన్‌ను బయటికి విసురుతాయి. దాన్నే బీటా క్షయం అంటారు. ఆ ఎలక్ట్రాన్ ఎంత శక్తితో వచ్చిందో కొలవాలంటే దాని దారిలో గాలి కూడా అడ్డుండకూడదు. అంటే పరికరం లోపల గాలిని పూర్తిగా తోడేయాలి. స్వామీజీ ఈ విద్యలో ఆరితేరారు. శూన్యాన్ని సృష్టించే పద్ధతులపై ఆయన రాసిన 'హై వ్యాకువా' పుస్తకం 1947లో అమెరికాలో అచ్చయింది.

విదేశాల్లోనే స్థిరపడే దారి ఉన్నా స్వామీజీ వెనక్కి వచ్చేశారు. ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో కొంతకాలం పనిచేశారు. 1950ల్లో వాల్తేరు వచ్చి ఆంధ్రా యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగాన్ని నిలబెట్టారు. అప్పటికి విజయనగరం జిల్లా ఇంకా ఏర్పడనే లేదు. అణు పరిశోధన చేయాలంటే బొంబాయో, కలకత్తానో వెళ్లాల్సిన రోజులవి. అలాంటి టైమ్‌లో ఉత్తరాంధ్ర పిల్లలకు ఇంటికి దగ్గర్లోనే ఆ చదువు దొరికింది. 1969లో స్వామీజీ కన్నుమూశారు.

కొండ కింద చలిపెట్టె

ఆయన కొలిచిన బీటా క్షయానికి అత్యంత అరుదైన రూపం ఒకటుంది. ఒకేసారి రెండు ఎలక్ట్రాన్లు బయటికొచ్చి, వాటితో రావాల్సిన న్యూట్రినోలు మాత్రం అసలు రాకపోవడం. ఇది నిజంగా జరుగుతుందో లేదో ఇప్పటిదాకా ఎవరూ తేల్చలేకపోయారు. జరిగితే న్యూట్రినో, దాని ప్రతికణం రెండూ ఒకటేనని తేలుతుంది. విశ్వంలో పదార్థం ఎలా మిగిలిందనే ప్రశ్నకూ క్లూ దొరుకుతుంది.

దీన్ని పట్టుకోవడం అంత ఈజీ కాదు. మన బీచ్ ఇసుకనే చూడండి. శ్రీకాకుళం, భీమిలి తీరంలో దొరికే మోనజైట్‌లో థోరియం ఉంటుంది. దాన్నుంచి రేడియేషన్ వస్తూనే ఉంటుంది. ఇక ఆకాశం నుంచి కాస్మిక్ కిరణాలు సరేసరి. ఇంత గోలలో ఓ చిన్న సవ్వడి వినాలి. అందుకే ఇటలీలోని గ్రాన్ సాసో కొండ కింద 1,400 మీటర్ల రాయి చాటున 'క్యూయోర్' ప్రయోగం పెట్టారు. 988 టెల్లూరియం డయాక్సైడ్ స్ఫటికాలు, మొత్తం 742 కిలోలు. వాటిని మైనస్ 273 డిగ్రీల దగ్గర, పరమ శూన్యానికి డిగ్రీలో వందో వంతు పైన ఉంచుతారు. లోపల ఒక్క కేంద్రకం మారినా స్ఫటికం కాస్త వేడెక్కుతుంది. ఆ పెరుగుదల డిగ్రీలో వెయ్యో వంతు కూడా ఉండదు. బయటి వేడి లోపలికి రాకుండా ఆపేది మళ్లీ శూన్యమే. అంటే స్వామీజీ పుస్తకం రాసిన విద్యే!

మన దేశంలోనూ తగరంతో ఇలాంటి ప్రయోగం చేయాలని ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆధ్వర్యంలో 'టిన్.టిన్' పేరుతో ప్రయత్నం మొదలైంది. దానికోసం అనుకున్న చోటు తమిళనాడులోని తేని జిల్లా కొండ. అక్కడ కట్టాల్సిన న్యూట్రినో అబ్జర్వేటరీకి 2015లో కేంద్రం ఓకే చెప్పినా, వ్యతిరేకత, కేసులతో ఆగిపోయింది.

కొండ ఎప్పుడు దొరుకుతుందో కానీ, దొరికాక అందులో పనిచేయడానికి మనుషులు కావాలి. శూన్యాన్ని తయారుచేయడం, ఎలక్ట్రాన్‌ను కొలవడం తెలిసినవాళ్లు కావాలి. స్వామీజీ వాల్తేరులో ల్యాబ్ పెట్టింది అలాంటి వాళ్ల కోసమే. ఈసారి ఏయూ క్యాంపస్‌కి వెళ్తే ఆ పేరు ముందు ఒక్క నిమిషం ఆగండి.