దొరగారి అక్షరాభ్యాసం

విదేశాల్లో కాలేజీలు తెరిచే రోజులొస్తే, ఆదివారం ఆరాధన ముగిశాక ప్రార్థన కోసం మా దగ్గర ఆగే తల్లిదండ్రులు ఎక్కువవుతారు. కొడుకు అమెరికాలో దిగి వారమైంది. తిండి సరిపడటం లేదట, వాళ్ల మాట అందడం లేదట, రాత్రి నిద్ర పట్టడం లేదట. చెబుతూనే ఆ తల్లి కళ్లు తుడుచుకుంటుంది. ఆమె బిడ్డ కోసం ప్రార్థించేటప్పుడు మాకు మరో విద్యార్థి గుర్తుకొస్తాడు. ఆయన నెల్లూరు నుంచి అమెరికా వెళ్లినవాడు కాదు. అమెరికా నుంచి నెల్లూరుకొచ్చి, ఇక్కడ అక్షరాలు దిద్దుకున్నవాడు. ఆయనే జాన్ ఎవరెట్ క్లౌ.

క్లౌ 1836 జులై 16న న్యూయార్క్ రాష్ట్రంలో జన్మించారు. యవ్వనంలో మిన్నెసోటా అడవుల్లో ప్రభుత్వ సర్వే బృందంతో గొలుసు పట్టి భూమి కొలిచారు. లాయరు కావాలన్నది ఆయన కోరిక. కానీ కాలేజీలో చదివే రోజుల్లో ప్రభువు ఆయన హృదయాన్ని పట్టుకున్నాడు. కోర్టులో వాదించాలనుకున్న యువకుడు సువార్త చెప్పడానికి సిద్ధమయ్యాడు.

అప్పటికి నెల్లూరు బాప్టిస్టు మిషన్ పరిస్థితి దయనీయంగా ఉంది. 1840లో శామ్యూల్ డే ఇక్కడ పని ప్రారంభించారు. రెండు దశాబ్దాలు దాటినా విశ్వాసుల సంఖ్య చాలా స్వల్పం. ఈ మిషన్‌ను మూసేద్దామన్న ఆలోచన అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చింది. ఆరోగ్యం చెడి 1862లో స్వదేశానికి వెళ్లిన లైమన్ జూవెట్ అందుకు ససేమిరా అన్నారు. ఎవరూ పంపకపోయినా తానొక్కడే తిరిగి వెళ్లి తెలుగువారి మధ్యే కన్నుమూస్తానన్నారు. ఆ పట్టుదల ముందు పెద్దలు తలవంచారు. జూవెట్‌కు తోడుగా క్లౌను ఎంపిక చేశారు.

1864 నవంబరు 30న క్లౌ, ఆయన భార్య హ్యారియెట్ బోస్టన్‌లో ఓడ ఎక్కారు. స్వదేశంలో అంతర్యుద్ధం ఇంకా ముగియలేదు. సూయెజ్ కాలువ తెరుచుకున్నది 1869లో గనుక ఆ ఓడ ఆఫ్రికా ఖండాన్ని చుట్టి రావాలి. నాలుగు నెలల సముద్ర ప్రయాణం తరువాత 1865 ఏప్రిల్‌లో మద్రాసు చేరి, అక్కడినుంచి నెల్లూరు వచ్చారు. అప్పటికి ఈ దారిన రైలు లేదు.

వచ్చింది ఏప్రిల్‌లో! వెనుకే మే నెల ఎండలు. నెల్లూరులో పుట్టి పెరిగిన మనమే వడగాలికి తలుపులు మూసుకుంటాం. మంచుదేశంలో పెరిగిన ఆ దంపతులకు అదే మొదటి వేసవి. ఎండకన్నా కష్టమైనది భాష. ల, ళ తేడా నోటికి రాదు. క్రియాపదం వాక్యం చివర దాకా వస్తే తప్ప అర్థం చిక్కదు. ఎవరిని నీవనాలో, ఎవరిని మీరనాలో తెలియకపోతే మంచి మాట కూడా అవమానమే అవుతుంది. వీధిలో పిల్లలు గడగడా మాట్లాడే భాషను 28 ఏళ్ల క్లౌ మున్షీ ముందు కూర్చుని ఒక్కొక్క అక్షరంగా నేర్చుకోవలసి వచ్చింది. లోకాన్ని మార్చే వర్తమానం గుండెలో ఉంది, చెప్పడానికి మాటలు లేవు! బోధించడానికి వచ్చినవాడు ముందు వినాలి, తప్పులు పలకాలి, దిద్దించుకోవాలి. దేవుడు ఆయనను మొదట చేర్చింది ఆ బడిలోనే.

1866 సెప్టెంబరులో క్లౌ ఒంగోలు వెళ్లారు. అది అప్పట్లో నెల్లూరు జిల్లాలోనిదే. 1867 జనవరి 1న 8 మందితో అక్కడ సంఘం ఏర్పడింది. అయితే మాదిగ పల్లెల నుంచి యెర్రగుంట్ల పేరయ్య వంటి భక్తులు రావడం మొదలుకాగానే, వారిని చేర్చుకుంటే మేము రామని పైకులాలవారు తేల్చి చెప్పారు. ఏం చేయాలి? ఆ సంకట ఘడియలో భార్యాభర్తలిద్దరూ ఒకరికొకరు తెలియకుండా వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ దొరికింది కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం. లోకం హీనంగా చూసేవారిని దేవుడు ఏర్పరచుకుంటాడన్న సత్యమది. నెల్లూరులో భాష నేర్చుకున్న విద్యార్థికి ఒంగోలులో దేవుడు నేర్పిన పాఠమిది. ఆయన పేదల పక్షాన నిలిచారు.

1876-78 కరువులో ఆకలితో అలమటిస్తున్న ప్రజలకు పని చూపడానికి క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నారు. మిన్నెసోటాలో గొలుసు పట్టిన అనుభవం అక్కడ అక్కరకొచ్చింది. సాయం అందే రోజుల్లో వేలమంది బాప్తిస్మం కోరినా ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆపారు. ఆ సాయం ఆగాక కూడా వారు వెనుదిరగలేదు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. క్లౌ 1910 నవంబరులో అమెరికాలో కన్నుమూశారు.

లోకమంతా ఆ 2,222 సంఖ్యనే చెప్పుకుంటుంది. దాని వెనుక నెల్లూరులో నోరు తిరగక తడబడిన రోజులున్నాయి. దేవుని కుమారుడే నజరేతులో తల్లి ఒడిలో మాటలు నేర్చుకుని, ముప్పై ఏళ్లు మౌనంగా ఎదిగాడు కదా! సెమినరీ చదువుతో నేరుగా ప్రసంగ వేదిక ఎక్కిన మాకు ఈ పాఠం ఆలస్యంగానే అర్థమైంది.

కనుక పరాయి దేశంలో తడబడుతున్న మన బిడ్డల గురించి కంగారు వద్దు. ఆ తడబాటులోనూ దేవుడు వారికి పాఠం చెబుతున్నాడు. అలాగే పొట్టకూటి కోసం ఇతర రాష్ట్రాల నుంచి మన ఊరొచ్చి, భాష రాక మన గుమ్మం ముందు తడబడే కూలీని చూసి నవ్వొద్దు. ఒకనాడు మనకు సువార్త తెచ్చినవాడు కూడా ఇదే వీధుల్లో అలాగే తడబడ్డాడు.