పల్లె బడి నుంచి మీ టెర్మినల్ దాకా.. ఎమిల్ బోదో

లినక్స్ ల్యాబ్‌లో టెర్మినల్ తెరిచి టీటీవై అని కొట్టి ఎంటర్ నొక్కండి. డెవ్, పీటీఎస్, సున్నా అంటూ ఒక దారి చూపిస్తుంది. ఆ టీటీవై ఏంటి, పీటీఎస్ ఏంటి అని ఇంటర్వ్యూలో అడిగితే చాలామంది బిక్కమొహం వేస్తారు. టీటీవై అంటే టెలిటైప్. ఆ టెలిటైప్‌కి మూలపురుషుడు అనదగ్గ మనిషి ఓ ఫ్రెంచి రైతు కొడుకు. పేరు ఎమిల్ బోదో.

1845 సెప్టెంబరు 11న ఫ్రాన్స్‌లోని మాన్యో అనే చిన్న ఊళ్లో పుట్టాడు. చదివింది ఊరి ప్రాథమిక పాఠశాల వరకే. ఆ తర్వాత నాన్నతో పొలం పనులు. పాతికేళ్ల వయసు దగ్గరపడ్డాక తంతి తపాలా శాఖలో అప్రెంటిస్ ఆపరేటర్‌గా చేరాడు. డిగ్రీ లేదు, సిఫార్సు లేదు. శాఖవాళ్లే మోర్స్ నేర్పారు. తర్వాత హ్యూస్ యంత్రం మీద నాలుగు నెలల కోర్సుకి పంపారు. పియానోలాంటి మెట్లు నొక్కితే అవతలి ఊళ్లో అక్షరం అచ్చయ్యే యంత్రం అది. ఈ నాలుగు నెలలే ఆయన జీవితాన్ని మలుపు తిప్పాయని నాకనిపిస్తుంది. మధ్యలో ప్రష్యాతో యుద్ధం వస్తే కొన్నాళ్లు అక్కడికి వెళ్లి, 1872లో పారిస్‌లో మళ్లీ డ్యూటీకి వచ్చాడు.

రోజూ అదే పని చేస్తూ ఆయన ఒకటి గమనించాడు. ఒక అక్షరం పోయాక ఇంకో అక్షరం వచ్చేదాకా తీగ ఖాళీగా పడి ఉంటోంది. వందల కిలోమీటర్ల తీగ వేసి దాన్ని ఎక్కువసేపు ఊరికే ఉంచుతున్నారన్నమాట. మా బుచ్చయ్యపేటలో కాలువ నీళ్లు వంతులవారీగా పెట్టుకునే రైతులకి ఈ లెక్క చెప్పక్కర్లేదు. ఒకరి మడి తడిశాక మడవ కట్టి పక్కవాళ్లకి వదలాలి. బోదో తీగ విషయంలో అదే చేశాడు. రెండు ఊళ్లలోనూ ఒకే వేగంతో తిరిగే చక్రాలు పెట్టాడు. చక్రం తిరుగుతుంటే ఒక్కో ఆపరేటర్‌కి కాసేపు తీగ దొరుకుతుంది, వెంటనే పక్కవాడి వంతు. ఇలా ఒకే తీగ మీద నలుగురైదుగురు ఒకేసారి పంపుతున్నట్టే ఉంటుంది. నెట్‌వర్క్స్ సబ్జెక్టులో టైమ్ డివిజన్ మల్టిప్లెక్సింగ్ అని చదువుతారే, అదే ఇది.

వంతు సమానంగా ఉండాలంటే అక్షరాల పొడవూ సమానంగా ఉండాలి. మోర్స్‌లో ఒక అక్షరం పొట్టిది, ఒకటి పొడుగుది, అది పనికిరాదు. అందుకే ప్రతి అక్షరానికీ అయిదు గుర్తులు. ఉంది, లేదు అనే రెండు స్థితులతో అయిదు చోట్లు అంటే 32 కలయికలు. అక్షరాలు ఒక వరస, అంకెలు ఒక వరస పెట్టి, ఒకదాన్నించి ఇంకోదానికి మారడానికి షిఫ్ట్ గుర్తు పెట్టాడు. కీబోర్డుకి అయిదే మెట్లు. రెండు ఎడమ చేతికి, మూడు కుడి చేతికి. నొక్కిన మెట్టు చక్రం ఆ చోటు దాటేదాకా పైకి రాదు. ఆ టక్కుమనే చప్పుడు తాళంలా వింటూ ఆపరేటర్ వాయించాల్సిందే.

నిజానికి అయిదు గుర్తుల ఆలోచన అంతకుముందే గౌస్, వెబర్ చేశారు. అచ్చు వేసే పద్ధతి హ్యూస్‌ది, వంతుల పద్ధతి మేయర్‌ది. మూడూ కలిపి నడిచే యంత్రం చేసింది మాత్రం బోదో, అదీ ఎక్కువగా సొంత టైములో. 1874 జూన్‌లో పేటెంట్, 1877 నవంబరులో పారిస్-బోర్డో లైను మీద ప్రయోగం, 1878 పారిస్ ప్రదర్శనలో బంగారు పతకం. 1882కల్లా ఇన్‌స్పెక్టర్ ఇంజనీర్ అయ్యాడు.

కానీ అదే శాఖలో మిమో అనే ఇంకో ఆపరేటర్ కూడా అయిదు గుర్తుల పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు, కొన్ని వారాలు ఆలస్యంగా. ఆలోచన తనదే ముందని 1877లో కోర్టుకెక్కాడు. మొదట కోర్టు అతని పక్షానే చెప్పింది. తర్వాత ఆ తీర్పు రద్దయింది, ఖర్చులన్నీ అతని నెత్తిన పడ్డాయి. చివరికి మిమో తన కోరికలను తిరస్కరించిన కమిషన్ పెద్ద రేనోని కాల్చి చంపి జైలుపాలయ్యాడు. సాంకేతిక చరిత్ర పుస్తకాల్లో ఒకటి రెండు వాక్యాల్లో అయిపోయే కథ ఇది. నాకైతే బోదో పతకం కంటే ఇదే ఎక్కువ గుర్తుంటుంది.

బోదో జీవితమూ సుఖంగా ఏమీ సాగలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే మొదలైన అనారోగ్యం చివరిదాకా వదల్లేదు. 1890 జనవరిలో పెళ్లయింది, ఏప్రిల్‌లో భార్య పోయింది. అదే ఏడాది ఆగస్టులో ఒకే తీగ మీద పారిస్‌ని రెండు ఊళ్లతో కలిపి చూపించాడు. 1903 మార్చి 28న, 57 ఏళ్లకి కన్నుమూశాడు.

ఆయన యంత్రం మాత్రం పెరుగుతూ పోయింది. న్యూజిలాండ్‌కి చెందిన డోనాల్డ్ ముర్రే 1901 ప్రాంతంలో అయిదు మెట్ల బదులు టైప్‌రైటర్ కీబోర్డు తగిలించాడు. క్యారేజ్ రిటర్న్, లైన్ ఫీడ్ అనే గుర్తులు చేర్చాడు. విండోస్‌లో రాసిన స్క్రిప్టు లినక్స్‌లో నడవక తల పట్టుకునేది ఆ రెండు గుర్తుల వల్లే. తర్వాత టెలిప్రింటర్లు మన పత్రికాఫీసుల్లోనూ టకటకలాడాయి. మన దేశంలో టెలిగ్రామ్ సేవ 2013 జులైలో ఆగిపోయింది.

యూనిక్స్ పుట్టిన రోజుల్లో కంప్యూటర్‌తో మాట్లాడటానికి టెలిటైప్ 33 యంత్రమే దిక్కు. సెకనుకి పది అక్షరాలు కొట్టేది. తర్వాత తెరలొచ్చాయి, తర్వాత కిటికీలొచ్చాయి. యంత్రం పోయింది, కానీ ప్రోగ్రాములు మాత్రం అవతల టెలిటైప్ ఉందనే నమ్ముతాయి. ఆ నమ్మకాన్ని నిలబెట్టేదే సూడో టెర్మినల్, అంటే పీటీవై. దీనికి రెండు కొసలు. ఒక కొస, అంటే మాస్టర్, మీ టెర్మినల్ విండో చేతిలో ఉంటుంది. రెండో కొసని బాష్ అసలైన టెర్మినల్ అనుకుని వాడుతుంది. మీరు చూసిన పీటీఎస్ దారి ఆ రెండో కొసదే. మధ్యలో కెర్నెల్‌లోని లైన్ డిసిప్లిన్ కూర్చుంటుంది. కంట్రోల్ సీ నొక్కితే విండో పంపేది 3 అనే ఒక్క బైటే. దాన్ని పట్టుకుని, నడుస్తున్న ప్రోగ్రాముకి ఆగిపొమ్మనే సిగ్నల్ ఇచ్చేది లైన్ డిసిప్లిన్. పాస్‌వర్డ్ కొడుతుంటే అక్షరాలు కనపడనిదీ అక్కడ ఎకో ఆపడం వల్లే. ఎస్ఎస్‌హెచ్‌తో లాగిన్ అయితే సర్వర్ మీద పీటీవై తెరుచుకుంటుంది. డాకర్ కమాండ్‌లో టీ ఆప్షన్ అడిగేదీ దాన్నే. ఎల్ఎస్ కమాండ్‌ని ఉత్తగా ఒకసారి, పైపు పెట్టి క్యాట్‌కి పంపి ఇంకోసారి నడపండి. మొదటిసారి వరసలుగా, రెండోసారి లైనుకొకటిగా వస్తుంది. అవతల టెర్మినల్ ఉందా లేదా అని ఎల్ఎస్ ముందే కనుక్కుంటుంది మరి.

చివరగా ఎస్‌టీటీవై అని కొట్టండి. సాధారణంగా వేగం 38400 బాడ్ అని మొదటి లైనులోనే వస్తుంది. బాడ్ అంటే సెకనుకి ఎన్నిసార్లు సంకేతం మారుతుందో ఆ లెక్క. బిట్ల లెక్కతో కలిపేయకండి, ఇంటర్వ్యూల్లో ఇష్టంగా అడిగే తేడా ఇది. బోదో పోయాక 1920లలో ఆ కొలతకి ఆయన పేరు పెట్టారు. మీ విండోకీ బాష్‌కీ మధ్య తీగా లేదు, చక్రమూ లేదు. ఆ 38400 దేన్నీ కొలవదు, ఊరికే అలా ఉంటుంది.